కొండొచ్చింది, ఫ్యానెయ్

మా నాయన పశువుల డాక్టరు. కందుకూరు, పామూరు, కనిగిరి చుట్టుపక్కల పల్లెల్లో ముప్పై ఏళ్లకు పైగా గొడ్లను చూసి రిటైరయ్యాడు. ఆ అలవాటు వల్లనేమో, మా మారుతి 800ని ఏనాడూ కారు అనలేదు. 'అది' అంటాడు. "పొద్దున్నుంచీ అది దగ్గతా ఉంది." "దానికి నీళ్లు పెట్టావా?" "ఎండలో కట్టెయ్యబాక దాన్ని." కొత్తగా ఇంటికొచ్చిన వాళ్లు ఈ మాటలు విని, పెరట్లో గేదె ఏదన్నా ఉందేమోనని అటు తొంగిచూసిన సందర్భాలు ఉన్నాయి.

అది 1997 మోడల్. తెల్లది. ఇప్పుడు తెల్లది అనడం మర్యాదకే గానీ, చాలాకాలంగా మీగడ రంగులోకి దిగింది. 2001లో ఒంగోలులో ఒక పొగాకు వ్యాపారి పెద్ద బండి కొనుక్కుంటూ దీన్ని అమ్మకానికి పెడితే, నాయన జీపీఎఫ్‌లో లోను తీసుకుని కొన్నాడు. అడిగిన రేటు లక్షా పదిహేను వేలు. బేరం జరుగుతున్నంతసేపూ నాయన బండి చుట్టూ తిరిగి, టైర్లు నొక్కి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు కళ్లు మూసుకుని నిలబడ్డాడట. వ్యాపారికి నవ్వాగలేదు. "పళ్లు కూడా చూస్తారా డాక్టరు గారూ?" అన్నాడట. సంతలో ఎద్దును కొనేవాడు నోరు తెరిచి పళ్లు చూసే కదా వయసు తేల్చేది. నాయన తొణక్కుండా బానెట్ ఎత్తించి, ఆయిల్ డిప్‌స్టిక్ బయటికి లాగి, వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, "పళ్లు బాగానే ఉండాయి, పదివేలు తగ్గించుకోండి" అన్నాడట. ఈ కథ మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నామో లెక్కలేదు. చెప్పుకున్న ప్రతిసారీ ఆ తగ్గించిన డబ్బు కొంచెం కొంచెం పెరుగుతూ వచ్చింది. ఈమధ్య పాతికవేలు దాకా వెళ్లింది.

గవర్నమెంటుకు టూర్ డైరీలు రాసి రాసి అలవాటైన చెయ్యి. పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, కిలోమీటర్లు నోటుపుస్తకంలో ఎక్కాల్సిందే. అలాంటి పుస్తకాలు ఇప్పటికి పదకొండు. వాటి లెక్క ప్రకారం మూడు లక్షల పన్నెండు వేల కిలోమీటర్లు దాటాయి. మీటరును నమ్మడానికి లేదు. స్పీడోమీటరు కేబుల్ తెగి నెలల తరబడి ముల్లు సున్నా మీద పడుకున్న రోజులున్నాయి. అప్పుడు రోడ్డు పక్క రాళ్లు చూసి రాసేవాడు. పుస్తకంలో బండి సంగతులూ గొడ్ల సంగతులూ ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి. 'పామూరు. ఆవు, కష్టకాన్పు. దూడ బతికింది. 11 లీ.' దాని కిందే 'ప్లగ్గులు 3 మార్చా.' 2004 జూలైలో ఒక పేజీలో 'గురక తగ్గింది' అని మాత్రమే ఉంది. గురక వ్యాధి వచ్చిన గేదెదా, సైలెన్సరుదా అనేది ఇప్పుడు నాయనకే గుర్తులేదు.

నంబరు ఏపీ 27తో మొదలవుతుంది. అంటే ప్రకాశం జిల్లా. ఇక్కడ మా కందుకూరు గురించి ఒక మాట చెప్పాలి. 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా మేం నెల్లూరోళ్లం. ఆ తర్వాత యాభై రెండేళ్లు ప్రకాశం వాళ్లం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మళ్లీ విడగొట్టినప్పుడు తిరిగి నెల్లూరుకు వచ్చి పడ్డాం. పుట్టింటికి వచ్చినట్టా, అత్తారింటికి వచ్చినట్టా అన్నది ఊళ్లో వయసును బట్టి చెప్పేవాళ్లు. పాత నెల్లూరు బళ్లకు ఏపీ 26 ఉండేది. ఇక 2019లో రాష్ట్రమంతా కొత్త బళ్లకు ఒకే నంబరు వరస వచ్చింది, ఏపీ 39తో మొదలుపెట్టి. ఇదివరకు తిరుమల కొండ మీద పార్కింగులో ఏపీ 27 కనబడితే చాలు, "ఏ ఊరండీ మీది?" అని పలకరింపులు మొదలయ్యేవి. ఇడ్లీలు పంచుకున్న రోజులు కూడా ఉన్నాయి. ఇప్పుడు నంబరు చూసి ఊరు పట్టుకునే ఆట పోయింది. అప్పట్లో మా ఆధార్ కార్డులూ, పాసు పుస్తకాలూ అన్నీ నెల్లూరుకు మారుతుంటే బండి మాత్రం ప్రకాశంలోనే ఉండిపోయింది. "జిల్లా మారిన సంగతి దానికి చెప్పలా, చెప్పినా ఈ వయసులో ఎందుకు?" అనేవాడు నాయన.

మా మెకానిక్ భాయ్ గురించి చెప్పకపోతే ఈ బండి గురించి సగమే చెప్పినట్టు. పామూరు రోడ్డులో ఆయన షెడ్డు. రేకుల కప్పు, వేపచెట్టు, నూనె తాగి నల్లబడిన నేల. ఇంజన్లో ఎక్కడన్నా తేడా శబ్దం వస్తే పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ మీద పెట్టి, పిడిని చెవికి ఆనించి వింటాడు. పాత మెకానిక్కులందరికీ తెలిసిన విద్యే అది. ఒకసారి మా బండి ముందు భాగంలో గరగరమని మొదలైంది. బెల్టు విప్పి స్టార్ట్ చేస్తే శబ్దం ఆగింది. అంటే ఆ బెల్టు తిప్పే వాటర్ పంపులోనన్నా, ఆల్టర్నేటర్‌లోనన్నా బేరింగు పోయి ఉండాలి. భాయ్ స్క్రూడ్రైవర్ పెట్టి విని ఆల్టర్నేటర్ అన్నాడు. నాయన ఒప్పుకోలేదు. వెనక సీట్లో ఉన్న మందుల బ్యాగులోంచి స్టెతస్కోపు తీసి, తిరుగుతున్న బెల్టుకు గొట్టం తగలకుండా ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, బిళ్లను వాటర్ పంపు మీద పెట్టాడు. ఆల్టర్నేటర్ మీద పెట్టాడు. మళ్లీ పంపు మీద పెట్టాడు. షెడ్డులో కుర్రాళ్లంతా పనులాపి చుట్టూ చేరారు. ఎద్దు గుండె వినేటప్పుడు ఎంత గంభీరంగా ఉంటాడో అంత గంభీరంగా లేచి, "పంపే" అని తేల్చాడు.

విప్పితే ఆల్టర్నేటర్.

భాయ్ ఏమీ అనలేదు. బేరింగు చేతిలో తిప్పి చూపించాడంతే, ఇసుక నలిగినట్టు వినబడింది. నాయన ఆ స్టెతస్కోపును మెడలోంచి తీసి భాయ్ మెడలో వేసి, "నీకే ఇది పనికొచ్చేది" అన్నాడు. ఇరవై ఏళ్లయింది. షెడ్డులో మక్కా బొమ్మ క్యాలెండరు పక్కన మేకుకు అది ఇప్పటికీ వేలాడుతోంది. భాయ్ కొడుకు కొత్త బళ్లకు ఏదో చిన్న పెట్టె తగిలించి ఫోనులో జబ్బు చూస్తాడు. మా బండి గేట్లోకి రాగానే మాత్రం మేకు దగ్గరికి నడుస్తాడు.

ఈ బండిలో ఎక్కినవాళ్లలో నాకు బాగా గుర్తుండిపోయింది ఒక దూడ. నేను పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న వేసవి. పొన్నలూరు వైపు ఒక ఊళ్లో ఒంగోలు ఆవు ఈనిన మూడో రోజే దూడ కాలు విరిగింది. ఆసుపత్రికి తేవాలి, ఆ వేళకి ట్రాలీ ఆటో ఏదీ దొరకలేదు. నాయన వెనక డోరు తీసి, గోనెపట్టా పరిచి, "ఎక్కించండి" అన్నాడు. ముప్పై కిలోలకు తక్కువ ఉండదు. నేను ఒక మూల, రైతు ఇంకో మూల, మా ఇద్దరి ఒళ్లో అడ్డంగా దూడ. బండి కదలగానే తల్లి ఆవు పలుపు తెంపుకుని వెంటపడింది. నాయన అద్దంలో చూస్తూ రెండో గేరులోనే నెమ్మదిగా పోనిచ్చాడు, పాపం దానికి కనబడతా ఉండాలని. ఊరి చివర చప్టా దాకా వచ్చి ఆగిపోయింది. దూడ నా మోచెయ్యి నాకుతూనే ఉంది. గరుకు నాలిక. దారిలో నాయన వెనక్కి తిరగకుండానే పాఠం మొదలుపెట్టాడు. బ్రెజిల్లో మన ఒంగోలు జాతి కోట్లలో ఉందనీ, అక్కడ వాటిని నెలోర్ అంటారనీ, అది మన నెల్లూరు పేరేననీ. "దీని తాతలు ఓడెక్కి పోయారు. ఇది మారుతి ఎక్కింది" అన్నాడు. రైతు నవ్వలేదు. ఆయన చూపంతా కాలి మీదే ఉంది. కాలు అతుక్కుంది గానీ, సీటులోకి ఇంకిన వాసన రెండు వానాకాలాల దాకా పోలేదు. అమ్మ అగరొత్తులు వెలిగించి డ్యాష్‌బోర్డులో గుచ్చేది.

కిటుకులు తెలియనివాడు ఈ బండిని నడపలేడు. వెనక ఎడమ డోరు బయటినుంచి తెరుచుకోదు, లోపల ఉన్నవాళ్లు తియ్యాలి. డ్రైవరు వైపు అద్దం దించాలంటే హ్యాండిల్ తిప్పుతూ రెండో చేత్తో అద్దాన్ని కొంచెం కిందికి నొక్కాలి. ఒకసారి హైదరాబాదు నుంచి వచ్చిన మా బాబాయి డ్రైవరు దీన్ని పక్కకు తీద్దామని కూర్చున్నాడు. నున్నగా దువ్వుకుని, పెద్ద పెద్ద బళ్లు నడిపే మనిషి. పావుగంట తాళం తిప్పుతూనే ఉన్నాడు. లోపల బియ్యం ఏరుకుంటున్న అమ్మ చేట దించకుండానే, "బాబూ, చోక్ సగమే లాగు. యాక్సిలేటర్ తొక్కబాక. పెట్రోలు మింగి కూచుంది, రెండు నిమిషాలు వదిలెయ్" అని కేకేసింది. రెండు నిమిషాలాగి తిప్పితే స్టార్ట్ అయింది. అమ్మ జన్మలో స్టీరింగు పట్టుకోలేదు. వింటుంది, అంతే. వంటింట్లోంచే ఫ్యాన్ బెల్టు వదులైందని చెప్పేది. మలుపు తిరిగేటప్పుడు చక్రం దగ్గర టకటకమంటే, "జాయింటు పోయినట్టుంది, భాయ్‌కి చెప్పండి" అనేది.

క్లచ్ కేబుల్ తెగిన రాత్రి సంగతి చెప్తాను. ఉదయగిరి వైపు పెళ్లికి వెళ్లి తిరిగి వస్తున్నాం. పామూరు దాటాక పెడల్ ఒక్కసారిగా నేలకు అంటుకుపోయింది. రాత్రి పది. ముందూ వెనకా చీకటి, జిల్లేడు పొదలు. నేను అప్పుడే డ్రైవింగు నేర్చుకుంటున్నా, ముందు సీట్లో ఉన్నా. నాయన ఇంజన్ ఆపాడు. మొదటి గేరు వేసి, గేరులో ఉండగానే తాళం తిప్పాడు. బండి కుదుపుతో రెండు గెంతులేసి, ఇంజన్ అందుకుని నడక మొదలెట్టింది. కొంచెం వేగం రాగానే యాక్సిలేటర్ మీద కాలు తీసేసి, గేరును న్యూట్రల్‌కి జార్చి, ఇంజన్ శబ్దం దిగేదాకా ఆగాడు. "విను, విను, ఇంకా, ఇంకా... ఇప్పుడు" అని రెండో గేరులోకి రెండు వేళ్లతో నెట్టాడు. వెన్నలోకి కత్తి దిగినట్టు పడింది. మూడోదీ అంతే. కాకపోతే ఇంక ఎక్కడా ఆగకూడదు. దారిలో ఊళ్లున్నాయి, ఊరికి రెండు స్పీడ్ బ్రేకర్లున్నాయి, రోడ్డు మీద పడుకున్న గేదెలున్నాయి. అమ్మ కిటికీలోంచి సగం బయటికొచ్చి, "జరగండయ్యో, ఆగదు, ఆగదు!" అని అరుస్తూ కూర్చుంది. పట్టుచీర, తల్లో కనకాంబరాలు. ఒక ఊళ్లో అరుగు మీదివాళ్లు పెళ్లికూతుర్ని ఎత్తుకుపోతున్నారేమో అన్నంత కంగారుగా లేచి నిలబడ్డారు. మా వీధి మొదట్లోంచే హారన్ కొట్టుకుంటూ వచ్చాం. అవ్వ నిద్రలో లేచి గేటు తీసింది. నాయన నేరుగా లోపలికి పోనిచ్చి, గోడకు మూరెడు దూరంలో ఇంజన్ ఆపాడు. నోటుపుస్తకంలో ఆ రోజు కింద 'క్లచ్ కేబుల్ 1' అని ఉంది. ఇంకేం రాయలేదు.

ఇప్పుడు ఫ్యాను.

మాలకొండ నరసింహస్వామి గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు. వలేటివారిపాలెం దాటి వెళ్లాలి, మాకు దగ్గరే. అమ్మ మొక్కుల పుణ్యమా అని నెలకో రెణ్నెల్లకో ఒక శనివారం మేం ఆ దారిలోనే. ఒక మే నెలలో నలుగురం, చక్రపొంగలి గిన్నెలు, కొబ్బరికాయలతో కొండెక్కుతుంటే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత మీదికి పోయింది. రేడియేటర్ ఫ్యాను తిరగడం లేదు. వేడి పెరగ్గానే దాన్ని వేసే స్విచ్చి ఒకటుంటుంది, అంతకుముందే ఎక్కడో చవగ్గా దొరికిందని వేయించిన డూప్లికేట్. అది చేతులెత్తేసింది. మూత తియ్యబోయిన నా చెయ్యి మీద నాయన ఒక్కటేశాడు. వేడి మీదుండగా తీస్తే మొహం కాలిపోతుంది. ముప్పావుగంట చింతచెట్టు కింద కూర్చుని పొంగలి తిన్నాం, స్వామి కంటే ముందు.

సోమవారం భాయ్ దగ్గర అసలు స్విచ్చి లేదు. ఒంగోలు నుంచి తెప్పించాలి. ఈలోపు నడవాలి కదా అని, కరెంటు సామాన్ల కొట్లో ఒక బెడ్ స్విచ్చి కొనుక్కొచ్చాడు. మంచం పక్కన వేలాడేసుకుంటామే, అదే. వైరు లాగి డ్యాష్‌బోర్డు కింద ఎడమ వైపు బిగించాడు. అంటే అమ్మ కూర్చునే వైపు. ఆరోజు నుంచి ఆ ఉద్యోగం అమ్మది. కొండ మొదలు రాగానే నాయన, "కొండొచ్చింది, ఫ్యానెయ్" అనేవాడు. అమ్మ ముందు ముల్లు చూసేది, తర్వాత చెవి పెట్టేది, "ఇంకా వేడెక్కలా, ఆగండి" అనేది. కొన్నాళ్లకు ముల్లు చూడటం కూడా మానేసింది. వాసన బట్టే చెప్పేది. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా, ఉలవపాడు దగ్గర మామిడిపళ్లకని హైవే పక్కన ఆపినా, అమ్మ చెయ్యి ముందే కిందికి పోయేది. అసలు స్విచ్చి పదిరోజుల్లో వచ్చింది, భాయ్ వేశాడు. బెడ్ స్విచ్చి మాత్రం అమ్మ తీయనివ్వలా. "మిషన్ మీద ఎంతని ఆధారపడతాం?" అంది.

పాత బండే గొప్పదని నేను అనను. ఏసీ లేదు. రోహిణీ కార్తెలో కిటికీలకు తడి తువ్వాళ్లు కట్టుకుని తిరిగాం. ఎయిర్ బ్యాగుల్లేవు. హైవే మీద పెద్ద లారీ పక్కనుంచి పోతే బండంతా ఒక అడుగు పక్కకు జరిగినట్టుంటుంది. పిల్లల్ని ఎక్కించుకుని చెన్నై వెళ్లమంటే నేను వెళ్లను. పదిహేనేళ్లు నిండాక అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్. మాకు మూడోసారి 2022లో పడింది, సరిగ్గా అదే ఏప్రిల్ నుంచి ఫీజు 600 నుంచి 5,000 అయింది. "నేను ముసలాణ్ణయితే పెన్షన్ ఇచ్చారు, దానికేమో ఎదురు కట్టమంటున్నారు" అని నాయన రెండు రోజులు గొణిగాడు. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది కదా. అది తేమ లాగుతుంది, పాతకాలం రబ్బరుకు పడదు. భాయ్ కొడుకు పెట్రోలు పైపులూ, కార్బురేటర్‌లో రబ్బర్లూ మొత్తం మార్చాడు. పాత ఇనుము కొట్టువాడు పాతిక వేలిస్తానన్నాడు. ఇదే ఇంజన్ ఓమ్నీల్లో 2019 దాకా వచ్చింది కాబట్టి సామాన్లకైతే కరువు లేదు. డోరు హ్యాండిల్ కోసం మాత్రం ఒకసారి చెన్నై పుదుపేట దాకా వెళ్లాను, పాత బళ్ల సామాన్లు గుట్టలు పోసి అమ్మే సందుల్లోకి. నూట యాభై రూపాయల హ్యాండిల్‌కు పోనూ రానూ ఖర్చు ఎంతయిందో నోటుపుస్తకంలో రాయలేదు.

నెల్లూరులో ఉద్యోగం, నాకూ కొత్త కారుంది. ఏపీ 39. చల్లగా, చడీచప్పుడు లేకుండా పోతుంది. ఏదన్నా తేడా వస్తే దీపం వెలుగుతుంది, షోరూముకు తీసుకుపోతే వాళ్లే చూసుకుంటారు. అందులో మా వాళ్లెవరూ చెవి పెట్టి కూర్చోవడం నేను చూడలేదు. ఎవరి ఫోను వాళ్లది.

పోయిన కార్తీకంలో శనివారం అమ్మానాయన్లను మాలకొండకు ఆ కారులోనే తీసుకెళ్లాను. నాయనకు కాటరాక్ట్ ఆపరేషన్ అయి వారమే, నల్లద్దాలు పెట్టుకుని వెనక సీట్లో తల వాల్చి కూర్చున్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాం. అమ్మ ముందు సీట్లో ప్రసాదం సంచి ఒళ్లో పెట్టుకుంది. దారి ఎత్తు మొదలయింది. వెనక నుంచి, కళ్లు తెరవకుండానే, "కొండొచ్చింది, ఫ్యానెయ్" అన్నాడు.

అమ్మ చెయ్యి డ్యాష్‌బోర్డు కిందికి పోయింది. నున్నటి ప్లాస్టిక్ మీద వేళ్లు అటూ ఇటూ వెతికాయి. నేను రోడ్డు మీదే చూపు పెట్టి, ఏసీ బ్లోయర్‌ను రెండు పాయింట్లు పెంచాను. బుస్సుమంది.

"ఆఁ," అన్నాడు నాయన, "తిరగతా ఉంది."